లోన నిలిచి చూడవలసిన బొమ్మ

సంక్రాంతికి అమెరికానుండి వచ్చిన మా మేనల్లుడు కొండాపూరులోని మా ఫ్లాటు బాల్కనీలో కాఫీ గ్లాసు చేతబట్టుకొని, "మామయ్యా, నేనొక స్టేజి డిజైన్ చెయ్యాలి, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటావు?" అని యడిగినపుడు నా మనస్సు తిన్నగా లింగంపల్లి దగ్గఱి సురభి కాలనీకి పోయెను. అది పోవుటలో వింత లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకమునకై ముఖమున రంగు పూసికొనిన కుటుంబముల సంతతివారు, ఈ అద్దాల మేడలకు కూతవేటు దూరమున, నేటికిని తెరలు దించుచు, తీగెపై నారదుని దింపుచు, మాయాబజారు నాడుచున్నారు. స్టేజి యన్న మాట చెవిని బడగానే నాకు ఆ రంగుల తెరయు, తెరచాటున త్రాళ్లు లాగు మనుష్యులును స్ఫురింతురు. "ఏ నాటకమురా?" అంటిని. వాడు కాఫీ పొలమారునంతగా నవ్వి, "నాటకం కాదు మామయ్యా, పిస్టల్ మ్యాచ్" అనెను.

వాడుండునది టెక్సాసులోని ఫ్రిస్కో. వారములో అయిదుదినములు కంప్యూటరు నెదుట వంగి కూర్చుండు మావాడు, ఆదివారము వచ్చుసరికి ప్రాక్టికల్ షూటింగు అను నొక క్రీడకు బోవుచున్నాడట. దాని పుట్టుపూర్వోత్తరములు వాడు చెప్పగా వింటిని. 1976 మే నెలలో మిస్సోరీ రాష్ట్రపు కొలంబియా పట్టణమున కొందఱు కూడి అంతర్జాతీయ సమాఖ్య నొకదానిని నెలకొల్పిరి. జెఫ్ కూపరు అనునాయన దానికి తొలి యధ్యక్షుడు. గురి, బలము, వేగము అను మూడింటిని తెలుపు లాటిను మాటలు దానికి బీజాక్షరములు. ఆ సమాఖ్యకు అమెరికాలోని శాఖయే మావాడు సభ్యుడుగా నున్న యు.ఎస్.పి.ఎస్.ఎ. ఈ క్రీడలో ఆటగాడు నిలిచిన చోట నిలువడు. కొయ్య చట్రములకు వల బిగించిన గోడలు, వానిలో కిటికీలు, అక్కడక్కడ పీపాలు, వాని వెనుక పదునెనిమిది అంగుళముల వెడల్పును ముప్పది యంగుళముల యెత్తును గల అట్టలు, తగిలిన పడిపోవు ఇనుప పలకలు. నేలపై పరచిన కొయ్యబద్దల హద్దు దాటకుండ, తుపాకి మొన ఎన్నడును వెనుకకు తిరుగకుండ, పరుగెత్తుచు వీనినన్నిటిని కొట్టవలెను. అట్టకు నడుమ తగిలిన అయిదు పాయింట్లు, అంచులకు జరిగినకొలది తక్కువ, తప్పిన పది పోవును. కొట్టరాని అట్టకు తగిలినను పది పోవును. వచ్చిన పాయింట్లను పట్టిన సెకండ్లతో భాగింతురు. నూటయేబది పాయింట్లు ఇరువదియైదు సెకండ్లలో సంపాదించినవానికి ఆఱు; అవే పాయింట్లకు ముప్పది సెకండ్లు పట్టినవానికి అయిదు. తొందరపడినవానికి గురి చెడును, గురియే చూచుచు కూర్చున్నవానికి కాలము చెడును. ఆ గోడలను, కిటికీలను, అట్టలను ఏది యెక్కడ నిలుపవలెనో కూర్చిన కూర్పునే వారు స్టేజి యందురు. వచ్చే మార్చి మ్యాచికి ఒక స్టేజి గీసి యిత్తునని మావాడు క్లబ్బువారికి మాట యిచ్చివచ్చినాడు.

తుపాకి యన్న నాకు పోలీసు ఠాణా తప్ప మఱేమియు తెలియదు గాన, మఱునాడు వానిని గచ్చిబౌలికి, కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణములోని షూటింగు రేంజి వఱకు గొనిపోతిని. మన హైదరాబాదు ఈ విద్యలో తీసిపోయినది కాదు. 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలునందు కాంస్యము తెచ్చిన గగన్ నారంగ్ ఇచ్చట పెరిగినవాడే; 2018లో పదుమూడేండ్ల ప్రాయమున జాతీయ విజేతయై, 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడలలో ఒక స్వర్ణమును మూడు రజతములను గెలిచిన ఈషా సింగ్ ఈ యూరి పిల్లయే. కాని అచ్చటి విద్య వేఱు. పది మీటర్ల పిస్తోలులో డెబ్బదియైదు నిమిషములకు అఱువది గుండ్లు. పదికి పది వచ్చు నడిమి వలయము వ్యాసము పదునొకటిన్నర మిల్లీమీటర్లు, అనగా మన చొక్కా గుండీ పాటి. నిలిచినవారు నిలిచినట్లే యుందురు. ఊపిరియే వారికి శత్రువు. మావాడు కొంతసేపు మౌనముగా జూచి, "ఇక్కడ పది మీటర్లంటే హాంగ్‌ఝౌలో కూడా పది మీటర్లే మామయ్యా. మా దగ్గర ప్రతి ఆదివారం ప్రశ్నాపత్రం మారిపోతుంది" అనెను.

ఆ మాట నాకు మిక్కిలి నచ్చెను. ఒలింపిక్సు పరీక్షకు కర్త లేడు. కొలతయే దానికి కర్త. మావాని క్రీడలో ప్రతి స్టేజికి నొక కర్త గలడు. అతని బుద్ధియు, కొంటెతనమును, ఒక్కొక్కప్పుడు అతని పక్షపాతమును అందు నిలిచియుండును. అట్టి కర్తకు తగిన పనిముట్టు నెన్నుట యన్న, కవికి కలము నెన్నిపెట్టుటవంటిదే కదా యని, చేతనయినను కాకున్నను, సలహాకు పూనుకొంటిని. మన దేశమున తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు సాధారణ లైసెన్సుపై పౌరునకు లభింపదు గనుక, ఈ క్రీడను నేను కన్నులార చూచుట కల్ల. గీయుటలో మాత్రము నన్ను కాదనువారు లేరు. ముప్పదియొక్క సంవత్సరములు డ్రాయింగు బల్లపై వంగి, టి-స్క్వేరుతో, రోట్రింగు పెన్నుతో, అమ్మోనియా ప్రింటుల కంపులో బ్రతికినవాడను.

గీయుటకు కంప్యూటరు వచ్చిననాడు నేను పడిన పాట్లలో నొకదానిని ఇచ్చట చెప్పక తప్పదు. మా యాఫీసువారు చాల సొమ్ము పోసి ఒక సాఫ్ట్‌వేరును కొనిరి. అందు మేము అయిదేండ్లు గీసితిమి. పిదప దానిని చేసినవారు దానిని మాని మఱొకదానిని చేసిరి. నేను రిటైరగునాటికి ఆ ఫైళ్లు తెఱచు యంత్రము మా యాఫీసులో నొక్కటియు లేదు. అదే బీరువాలో, అంతకు నలువదేండ్ల ముందు ట్రేసింగు గుడ్డపై ఎవరో పుణ్యాత్ముడు గీసిన కల్వర్టు బొమ్మ మాత్రము, చుట్ట విప్పినంతనే తెఱచుకొనెను. అందుచేత మా మేనల్లునకు నేను మొదట చెప్పినది యిది: "ఒరేయ్, సాఫ్ట్‌వేరు ఎంత బాగా గీస్తుందని తర్వాత చూద్దువుగాని, గీసింది పదేళ్లకు ఎవడు తెరవగలడో ముందు చూడు." వాడు నవ్వి, "మార్చి తర్వాత ఎవడూ తెరవక్కర్లేదు మామయ్యా" అనెను. కాని స్టేజి రచయితలు పాత బొమ్మలను దాచుకొని, వానిలో గోడ యొకటి మార్చి క్రొత్తది చేయుట వాడుక యని వాడే పిమ్మట నొప్పుకొనెను.

ఇక పరీక్షలు మొదలయ్యెను. రాత్రియైన పిదపగాని వాని యమెరికా యాఫీసు తెల్లవారదు గాన, మాకు పగళ్లన్నియు ఖాళీ. తొలుత నాకు పరిచితమైనది గనుక ఆటోక్యాడు చూచితిమి. 1982నుండి యున్న పెద్దమనిషి, గీతకు గీత తప్పడు, కాని ఆదివారపు క్రీడకు వాని యద్దె చెల్లించుట, పెసరట్టు వేయుటకు హోటలు కొన్నట్లుండును. బ్లెండరును చూచితిమి. 2002లో దాని యభిమానులు చందాలు వేసికొని లక్ష యూరోలు పోగుచేసి దాని నందఱి సొత్తుగా చేసిరని విని చేతులెత్తి నమస్కరించితిని. కాని సినిమాలు తీయుటకు పనికివచ్చు ఆ యంత్రమున ఒక కొయ్యగోడ నిలుపుటకు మాకు పూట పట్టెను. ఫ్రీక్యాడు నా బోటివానికి ప్రాణము, మావానికి తలనొప్పి. మావాని క్లబ్బులో నొక పెద్దాయన యేండ్లతరబడి పవర్‌పాయింటులోనే స్టేజీలు గీయుచున్నాడట. నలుచదరపు పెట్టె గోడ, గుండ్రము పీపా, బాణపు గుర్తు తుపాకి పోవు దిక్కు. నవ్వకుడు. ఆయన స్టేజీలు సమయమునకు నిలుచుచున్నవి, ఆయన బొమ్మను చూచి మేకు కొట్టువాడు ఎన్నడును తికమకపడలేదు. నేనైతే ఆయనకు బ్లెండరు పండితులకంటె పెద్దపీట వేయుదును.

తుదకు మేము నిలిచినది స్కెచప్ వద్ద. కొలరాడోలో పుట్టి, 2006లో గూగులు చేతికిని, 2012లో ట్రింబులు చేతికిని మాఱిన యీ సాఫ్ట్‌వేరునకు, కంప్యూటరులో దించుకొను ఉచిత ప్రతి 2017తో ఆగిపోయినను, బ్రౌజరులో తెఱచుకొను ఉచితపు ప్రతి యొకటి యింకను గలదు. దానిని తెఱవగానే, ఎఱుపు, పచ్చ, నీలి గీతలు కలియుచోట ఒక మనుష్యుని బొమ్మ ఊరకే నిలుచుండి యుండును. ఇంకను ఏమియు గీయలేదు; లోకము శూన్యము; ఆ శూన్యమున మనిషి మాత్రము ముందుగా వచ్చి నిలిచినాడు. కొలత తెలియుటకై పెట్టినారని మావాడు తేల్చివేసెను గాని, నా బల్లపై గీసిన వేల బొమ్మలలో మనిషిని ముందుగా నిలిపి గీత నారంభించినది నాకు జ్ఞప్తి లేదు. గోడలు, అట్టలు, పీపాలు ఒకరు చేసినవి మఱొకరు వాడుకొనుటకు సిద్ధముగా దొరకును. ఒక్క గోడ యెత్తు మార్చినచో దాని ప్రతులన్నియు తమంతట తామే మాఱును. ఒక్క బిడ్డకు కుట్టిన చొక్కా ఇంటిల్లిపాదికిని సరిపోవు నద్భుతమిది.

అయితే నేను ఆ సాఫ్ట్‌వేరు పక్షము వహించినది వీనికై కాదు. అందు ఒక పనిముట్టు గలదు; దానిని నేలపై నొకచోట నొక్కినచో, చూచువాడు ఆకాశమునుండి దిగివచ్చి ఆ చోట నిలుచును. కంటి యెత్తు అయిదడుగుల ఆఱంగుళములని అది తనంతట పెట్టుకొనును. మావాడు తన కొలత వేసి కిటికీ యెదుట నిలిచెను. ఎదుట మూడు అట్టలు, చక్కగా, కనబడెను. "చూశావా" అని గర్వించెను. మా యావిడ అప్పుడు బఠాణీలు వలుచుచు ప్రక్కన కూర్చుండి యుండెను. "మీ అత్తయ్య కళ్లెత్తు పెట్టి చూడరా" అంటిని. నాలుగడుగుల ఎనిమిదంగుళములు కొట్టెను. కిటికీ గట్టు పైకి లేచెను. మూడింటిలో నొక అట్ట పూర్తిగా మాయమయ్యెను, రెండవదాని తల మాత్రము మిగిలెను. మా యావిడ తల యెత్తి చూచి, "నేను ఓడిపోయినట్టేనా?" అనెను. వాని క్లబ్బులో పదునాలుగేండ్ల పిల్లలును, పొట్టివారును గలరట. ఆ సంగతి వానికి తెలియనిది కాదు, కాని పైనుండి చూచి గీయు బొమ్మలో అందఱి యెత్తును ఒక్కటియే, అనగా సున్న.

ద్రుపదుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. వంచనలవిగాని విల్లు చేయించి, ఆకాశమున యంత్రమును గట్టించి, దానిపై లక్ష్యము నిలిపి, అయిదు బాణములతో కొట్టినవానికి కూతు నిత్తునని లోకమునకెల్ల చాటెను. మనస్సులో మాత్రము అర్జునునికే యియ్యవలెనని ముందే యనుకొని యుండెను. ఒక్కని భుజములను దృష్టిలో నుంచుకొని గీసిన స్టేజి యది. ఫలితము బాగుగనే వచ్చినది గాన మనము తప్పు పట్టలేదు. కాని ఆదివారము మ్యాచిలో అట్టి స్టేజి గీసినవానిని క్లబ్బువారు మఱుసటి నెల పిలువరు. వారి నియమముల గుండెకాయ యేమనగా, రచయిత ప్రశ్న వేయవలెనేగాని జవాబును గోడలతో నిర్బంధింపరాదు. ఎచ్చట నిలిచి, ఏది ముందు, ఏది వెనుక కొట్టవలెనో ఆటగాడే తేల్చుకొనును. ఆ స్వేచ్ఛకు హద్దుగా రచయితపై నొక కట్టుబాటు పెట్టినారు: ఒకేచోట నిలిచి ఎనిమిది గుండ్లకు మించి కొట్టి తీరవలసినట్లు గీయరాదు, స్టేజి మొత్తమునకు ముప్పదిరెండు మించరాదు.

ఈ యెనిమిది గుండ్ల కట్టుబాటే మమ్ము డాబా యెక్కించినది. భోగినాటి మధ్యాహ్నము. మా యపార్టుమెంటు డాబాపైనుండి చూచినచో ఒకవైపు కొత్తగూడ మీదుగా హైటెక్ సిటీ మేడలును, మఱొకవైపు బొటానికల్ గార్డెను పచ్చదనమును కనబడును. మా యావిడ మఱునాటి ముగ్గునకై తెచ్చిన పిండిడబ్బాను మావాడు లాగికొని, ప్రింటు చేతబట్టి, హద్దుగీతలను నిజపు కొలతలతో నేలపై వేయ మొదలిడెను, వంకరటింకరగా వచ్చెను. ఆమె చూచి చూచి, "ముందు చుక్కలు పెట్టు నాన్నా, గీతలు వాటంతటవే వస్తాయి" అని డబ్బా తీసికొని, చేతివ్రేళ్లనడుమ పిండి జార్చుచు, అడుగున కొక చుక్క చొప్పున పరుగులు పెట్టినట్లు పెట్టుకొంటూ పోయెను. నా ముప్పదియొక్క సంవత్సరముల టి-స్క్వేరు సిగ్గుపడెను. బట్టలారవేయు తీగెలకు దుప్పట్లు కట్టి గోడలు చేసితిమి. ప్లాస్టికు కుర్చీలు పీపాలు. అట్టలకు కొఱత యేమున్నది, ఈ పేటలో ఏ యింటి గుమ్మమున చూచినను ఆన్‌లైను డబ్బాలు మేట వేసియుండును. తొమ్మిదింటిని చీపురుకట్టలకును, తులసికోటకును, నీళ్లట్యాంకు గొట్టమునకును ఆనించి నిలిపితిమి.

మావాడు వ్రేలు చాచి, పిస్తోలు పట్టినట్లు, దుప్పట్ల నడుమ రెండుమార్లు పరుగెత్తెను. పదునొకండు అంగలు, నాలుగు చోట్ల నిలుపు, తాననుకొన్నట్లే నడిచెను. వాడు గీసినది గనుక వాడట్లే నడుచును. "అత్తయ్యా, నువ్వొకసారి" అనెను. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని, మొదటి దుప్పటి దాటి నాలుగడుగులు వేసి, గొట్టము ప్రక్కన ఆగిపోయెను. "ఇక్కణ్ణుంచి అయిదూ కనబడుతున్నాయి కదరా, అంతదూరం పోవడం దేనికి?" మేమిద్దఱము పోయి ఆమె ప్రక్కన వంగి చూచితిమి. రెండు దుప్పట్ల నడుమ జానెడు సందు. దానిలోనుండి అయిదు అట్టలు, ఒక్కొక్కదానికి రెండేసి గుండ్లు, మొత్తము పది. ఒక్కచోట ఎనిమిదికి మించనీయరాదన్న మా లెక్క నేల కూలినది, ఇరువది యడుగుల పరుగు వ్యర్థమైనది. లాప్‌టాపు డాబామీదికే తెచ్చి, బొమ్మలో ఆ చోటనే నిలిచి చూచితిమి. ఆ సందు అందును ఉన్నది, ఆ అయిదును అందును కనబడుచున్నవి. సాఫ్ట్‌వేరు దాచలేదు, మూడురోజులుగా మాలో నెవ్వరమును ఆ చోట నిలువలేదు, అంతే.

సందున నింకొక గోడ పెట్టుదమంటిని. "గోడలు లేవు మామయ్యా, మా క్లబ్బులో పద్నాలుగే" అని వాడు తల పట్టుకొనెను. ఏ సాఫ్ట్‌వేరునకును తెలియని సంగతి యిది. తెరపై గోడ ప్రతి తీయుటకు ఖర్చు లేదు, షెడ్డులో పదునైదవ గోడ లేదు. చివరకు ఒక అట్టను మూడడుగులు ఎడమకు జరిపితిమి. అయిదు కనబడుచోట నాలుగే మిగిలెను, లెక్క ఎనిమిదికి సరిపోయెను. జరిపినదాని వెనుక మట్టికట్ట యుండునా, గుండు దానిలోనే దిగునా, ఒక అట్టను చీల్చినది వెనుకనున్న యింకొకదానిని తాకునా, ఇనుప పలక ఇరువదిమూడడుగులకంటె దగ్గఱకు వచ్చెనా, ఇవన్నియు వాడు ఒక్కొక్కటిగా టేపుతో సరిచూచి వ్రాసికొనెను. ఆ మట్టికట్ట వాలు, వానకు నిలుచు నీరు, ప్రొద్దున పదింటికి ఎదురెండ కంటబడు కోణము, వీనికి బొమ్మలో చోటు లేదు. వానిని క్లబ్బువానికి ఫోను చేసి యడుగవలసి వచ్చెను.

మార్చిలో వాడు ఫొటోలు పంపెను. నా కంటికి ముందుగా కనబడినది, గోడకు పిన్నుతో గ్రుచ్చిన ఒక్క తెల్లకాగితము. పైనుండి చూచిన బొమ్మ, కొలతలు, నంబర్లు, రంగులు లేవు. మూడు కొలతల సొగసు లన్నియు లాప్‌టాపులోనే యుండిపోయెను. తెల్లవారుజామున టార్చిలైటు వెలుగున మేకులు కొట్టినవారు ఈ కాగితమునే చదివినారట. కిటికీ గట్టును నాలుగంగుళములు దించినారు. నలువదిమంది ఆడిరి, అందులో నొకడు మేమెవ్వరమును, మా యావిడతో సహా, ఊహింపని దారిని, కుడినుండి వెనుకకు, మొదలుపెట్టి అందఱికంటె రెండు సెకండ్లు ముందు ముగించెను. మావాడు దానినే పదేపదే చెప్పి సంతోషించెను.

ఇట్టి పని కెవరైనను పూనుకొనదలచినచో నా యెఱిగినంతవఱకు చెప్పుచున్నాను: ఆ సాఫ్ట్‌వేరు ఉచితముగనే దొరకును, దానికై డబ్బు తగులవేయకుడు. టేపు మాత్రము నూఱడుగులది, మంచిది, కొనుడు.